దిండు తడుస్తున్నదా? వైద్యుడు అడగని ప్రశ్న, మనం చెప్పని మాట

లక్కూరు: మాలూరు తాలూకా లక్కూరు హోబళిలోని ఒక గ్రామంలో, బడికి వెళ్ళే దారిలో, ఒక ఇంటి ముందరి గోడ మీద ప్రతి ఉదయం ఒక దిండు ఆరుతూ ఉండేది. వానకాలంలో సైతం ఎండ పొడ కనబడగానే ఆ దిండు గోడ మీదికి వచ్చేది. ఆ ఇంటి అబ్బాయి ఒకప్పుడు ఈ వ్యాసకర్త వద్ద చదువుకున్నవాడు, లెక్కలలో చురుకైనవాడు. ఇరవై ఏళ్ళు దాటిన తరువాత అతనికి మానసిక వ్యాధి వచ్చింది. ఎవరో తనను వెంబడిస్తున్నారని, గోడల వెనుక తన గురించే మాట్లాడుకుంటున్నారని రాత్రులు మేలుకొని కూర్చునేవాడు. బెంగళూరులో వైద్యం జరిగింది. మొదటి రెండు మందులు పని చేయలేదు, మూడవది పని చేసింది. నిద్ర పట్టింది, భయం తగ్గింది, పొద్దున్నే పాలు డెయిరీకి పోసి రావడం మొదలుపెట్టాడు. ఇల్లు తేరుకున్నదని అందరూ అనుకున్నారు.

కొన్ని నెలల తరువాత ఒక రాత్రి పాత గొడవ మళ్ళీ మొదలైంది. తల్లి పరుపు ఎత్తి చూస్తే అడుగున మాత్రలు దొరికాయి. మింగినట్టు నటించి అతను దాచినవి. “మందు మంచిగానే పని చేస్తా ఉండె మేష్ట్రూ. ఆ నోటి నీళ్ళకు సిగ్గుపడి మానేసినాడు. దిండు తడిసేది మేము చూస్తానే ఉంటిమి. డాక్టరుకు చెప్పాల్నని తెలీలేదు” అన్నది ఆమె. ఆ కుటుంబాన్ని ఎవరూ గుర్తించకుండా కొన్ని వివరాలు విడిచి రాస్తున్నాను. అయితే ఆమె చెప్పిన మాట ఆ ఒక్క ఇంటిది కాదు. మానసిక వ్యాధికి మందు తీసుకుంటున్న ఎందరో ఇదే బాధను మౌనంగా అనుభవిస్తున్నారు. ఈ బాధకు కారణమేమిటి, దానికి ఉపాయమేమిటి, అది ముందుగా మనకు చెప్పవలసిన బాధ్యత ఎవరిది అన్నది ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

పేరు పలకడానికి సిగ్గు

నిద్రలో నోటి నుంచి కారే లాలాజలాన్ని మన ఇళ్ళలో చొంగ అంటారు, చొల్లు అంటారు. కన్నడంలో జొల్లు. రెండు భాషలలోనూ అది ఎగతాళి మాటే. పసిపిల్లల విషయంలో ముద్దుగా అనిపించే ఆ మాట పెద్దవారి విషయంలో తిట్టుగా మారుతుంది. మన సినిమాలలో పిచ్చివాని వేషం వేసిన నటుడికి చింపిరి జుట్టు, చిరిగిన చొక్కాతో పాటు నోటి చివర చొంగ కూడా తప్పనిసరి. అందువలన నోరు కారడం పిచ్చికి గుర్తు అనే భావన జనంలో నాటుకుపోయింది.

వాస్తవం చాలా సందర్భాలలో ఇందుకు విరుద్ధంగా ఉంటుంది. ఆ నోటి నీరు వ్యాధి వలన వచ్చినది కాదు, వ్యాధికి ఇచ్చిన మందు వలన వచ్చినది. అంటే ఆ మనిషి వైద్యం తీసుకుంటున్నాడు, బహుశా కోలుకుంటున్నాడు కూడా. ఊరివారు మాత్రం అతని ముఖం చూసి వ్యాధి ముదిరిందని తీర్మానిస్తారు. పెండ్లి పిలుపు రాదు, పక్కన కూర్చుని తినేవారు ఉండరు. దయ్యం పట్టిందనే అనుమానం మళ్ళీ తలెత్తుతుంది. మురుగమల్ల దర్గాకో, ఇష్టదైవం గుడికో వెళ్ళి మొక్కుకోవడాన్ని ఎవరూ తప్పు పట్టనవసరం లేదు. మొక్కు పేరుతో మాత్ర ఆపడమే ప్రమాదం.

ఏ మందు, ఎందుకు ఇస్తారు

లాలాజలం అధికంగా ఊరడానికి ప్రధానంగా పేరుపడిన మందు క్లోజపిన్. ఇది స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక వ్యాధికి వాడే మందు. లేని మాటలు వినబడడం, అకారణ అనుమానాలు, ఆలోచనల పొంతన తప్పడం ఈ వ్యాధి లక్షణాలు. ఈ వ్యాధిగ్రస్తులలో సుమారు మూడింట ఒక వంతు మందికి సాధారణ మందులు తగినంత పని చేయవు. రెండు మందులను తగిన మోతాదులో, తగినంత కాలం వాడి చూసినా గుణం కనబడనప్పుడు వైద్యులు క్లోజపిన్‌ను ఎంచుకుంటారు.

ఈ మందు చరిత్ర తెలుసుకుంటే దాని విలువా, దానితో ఉండవలసిన జాగ్రత్తా రెండూ అర్థమవుతాయి. 1950ల చివర స్విట్జర్లాండులో దీనిని కనుగొన్నారు. 1970ల ఆరంభంలో ఐరోపా దేశాలలో వాడుకలోకి వచ్చింది. 1975లో ఫిన్లాండులో ఈ మందు తీసుకున్న కొందరిలో తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోయి మరణాలు సంభవించాయి. దానితో అనేక దేశాలు దీనిని పక్కన పెట్టాయి. 1988లో అమెరికాలో వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనం, ఇతర మందులకు లొంగని వ్యాధికి ఇది పని చేస్తున్నదని చూపింది. 1989లో అక్కడి ప్రభుత్వం రక్త పరీక్షల షరతుతో అనుమతించింది. ఆత్మహత్య ప్రమాదం ఉన్న స్కిజోఫ్రీనియా రోగులలో ఆ ప్రమాదాన్ని తగ్గించడానికి కూడా 2002లో దీనికి అనుమతి లభించింది. మన దేశపు అత్యవసర ఔషధాల జాతీయ జాబితాలో కూడా ఈ మందు ఉన్నది.

కనుక ఇది వైద్యుడు తేలికగా రాసే మందు కాదు. మిగతా దారులు మూసుకుపోయిన తరువాత మిగిలిన మంచి దారి ఇది. అటువంటి మందును నోటి నీటికి సిగ్గుపడి రోగి మానేస్తే, అతనికి తరువాత ఇవ్వడానికి అంత బలమైన మందు మరొకటి సులభంగా దొరకదు. ఈ సమస్యను చిన్నచూపు చూడరాదని చెప్పడానికి ఇదే ముఖ్య కారణం.

నోరు ఎందుకు ఊరుతుంది

ఆరోగ్యవంతుని నోటిలో రోజుకు సుమారు అర లీటరు నుంచి లీటరున్నర వరకు లాలాజలం ఊరుతుంది. మనకు తెలియకుండానే దానిని మింగుతూ ఉంటాము. నిద్రలో ఊరడం బాగా తగ్గిపోతుంది, మింగడమూ తగ్గుతుంది. ఈ రెండింటి సమతూకం వలన దిండు పొడిగా ఉంటుంది.

క్లోజపిన్ ఈ సమతూకాన్ని రెండు వైపుల నుంచీ చెడగొడుతుంది. ఒకవైపు లాలాజల గ్రంథులలోని కొన్ని గ్రాహకాలను ప్రేరేపించి నీరు ఊరేటట్లు చేస్తుంది. మరొకవైపు మింగే క్రియను మందగింపజేస్తుంది. మందు వలన వచ్చే గాఢనిద్ర దీనికి తోడవుతుంది. అందువలన పగటి కంటె రాత్రి బాధ ఎక్కువ. విచిత్రమేమంటే ఇదే మందు పేగుల కదలికను తగ్గించి తీవ్రమైన మలబద్ధకాన్ని కూడా కలిగిస్తుంది. పై నోరు తడిగా, లోపలి పేగు పొడిగా ఉండే ఈ పరిస్థితి వైద్యం చేసేవారికి కూడా చిక్కు ప్రశ్నే.

క్లోజపిన్ తీసుకునేవారిలో 30 నుంచి 80 శాతం వరకు ఏదో ఒక మేరకు లాలాజలం అధికమవుతుందని వివిధ పరిశీలనలు చెబుతున్నాయి. ఎంత తక్కువగా లెక్కించినా ఇంచుమించు ప్రతి ముగ్గురిలో ఒకరికి ఈ బాధ ఉన్నదన్నమాట. సాధారణంగా మందు మొదలుపెట్టిన తొలి వారాలలోనే ఇది కనబడుతుంది. కొందరికి క్రమంగా తగ్గుతుంది, కొందరికి ఏళ్ళ తరబడి ఉంటుంది.

ఇతర మందుల వలన కూడా నోరు కారవచ్చు. కాని అక్కడ కారణం వేరు. హాలోపెరిడాల్ వంటి పాత మందులు, కొందరిలో రిస్పెరిడోన్ కూడా, కండరాలను బిగుసుకుపోయేటట్లు చేస్తాయి. నడక నెమ్మదిస్తుంది, చేతులు వణుకుతాయి, ముఖంలో కదలిక తగ్గుతుంది. అప్పుడు ఊరే నీరు పెరగకపోయినా మింగడం తగ్గడం వలన నోటిలో నిలిచి బయటికి వస్తుంది. ఈ రెండింటి వైద్యం ఒకటి కాదు. కనుక రోగి ఏ మందు తీసుకుంటున్నాడు, నోరు కారడం రాత్రి మాత్రమేనా, పగలు కూడానా, ఒళ్ళు బిగుసుకున్నదా అన్న మూడు విషయాలు వైద్యునికి తెలియాలి.

మన సరిహద్దు పల్లెలకు ఇందులో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉన్నది. ఒకే కుటుంబం ఒకసారి బెంగళూరు, ఒకసారి కుప్పం, మరొకసారి వేలూరు లేదా తిరుపతి వెళ్ళి చూపించుకోవడం ఇక్కడ మామూలు. మూడు రాష్ట్రాల చీటీలు ఒకే సంచిలో ఉంటాయి. ఒకచోట రాసిన మందు మరొకచోట తెలియదు. పాత మాత్రలూ కొత్త మాత్రలూ కలిపి మింగించే ఇళ్ళు కూడా ఉన్నాయి. వైద్యుని వద్దకు వెళ్ళేటప్పుడు అన్ని చీటీలు, ఇంటిలో ఉన్న అన్ని మాత్రల అట్టలు వెంట తీసుకుపోవడం ఎంతైనా అవసరం.

చెప్పకుండా ఆపితే, చెప్పకుండా మొదలుపెడితే

క్లోజపిన్‌ను ఒక్కసారిగా ఆపితే పాత లక్షణాలు కొన్ని రోజులలోనే, మునుపటి కంటె ఉధృతంగా తిరిగి రావచ్చు. వాంతులు, చెమటలు, నిద్రలేమి కూడా రావచ్చు.

దీని కంటె తక్కువ మందికి తెలిసిన ప్రమాదం మరొకటి ఉన్నది. దాచిన మాత్రలు దొరికిన రోజున ఇంటివారు భయపడి, ఎదురుగా నిలబడి పూర్తి మోతాదు మింగిస్తారు. ఇది ప్రేమతో చేసే పనే, కాని ప్రాణాపాయం తేవచ్చు. ఈ మందు రెండు రోజులకు మించి ఆగిపోతే శరీరం దానికి అలవాటు తప్పుతుంది. తిరిగి పాత మోతాదు ఇస్తే రక్తపోటు పడిపోయి మనిషి కుప్పకూలవచ్చు. అందుకే వైద్యులు మళ్ళీ 12.5 మిల్లీగ్రాముల వంటి చిన్న మోతాదుతో ఆరంభించి నెమ్మదిగా పెంచుతారు. కనుక ఎన్ని రోజులు మానాడో రోగిని కోప్పడకుండా అడిగి తెలుసుకోవాలి. రెండు రోజులు దాటి ఉంటే మాత్ర ఇవ్వక ముందే వైద్యునితో మాట్లాడాలి. తిడితే నిజం చెప్పడు. నిజం తెలియకపోతే మోతాదు తెలియదు.

బీడీ సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. బీడీ, సిగరెట్ల పొగ కాలేయంలోని ఒక ఎంజైమును చురుకు చేసి క్లోజపిన్‌ను త్వరగా విచ్ఛిన్నం చేస్తుంది. రోజూ కట్టలు కాల్చే మనిషి ఒక్కసారిగా మానితే రక్తంలో మందు పరిమాణం పెరిగి మగత, లాలాజలం ఎక్కువ కావచ్చు. బీడీ మానడం మంచిదే. అయితే మానుతున్నట్లు వైద్యునికి ముందుగా చెబితే మోతాదు సరిచేస్తాడు. తీవ్రమైన జ్వరం, ఊపిరితిత్తుల వ్యాధి వచ్చినప్పుడు కూడా మందు పరిమాణం ఇలాగే పెరగవచ్చు.

నిద్రలో ఊరిన నీరు గొంతు దాటి ఊపిరితిత్తులలోకి వెళ్ళడం ఈ సమస్యలోని అసలైన అపాయం. రాత్రి ఉలిక్కిపడి దగ్గుతూ లేవడం, పొరపోవడం, దగ్గుతో జ్వరం రావడం, ఆయాసం ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఉపాయాలు లేకపోలేదు

ఈ బాధకు వైద్యుల వద్ద పలు మార్గాలు ఉన్నాయి. వ్యాధి అదుపులో ఉంటే మోతాదు కొద్దిగా తగ్గించడం, ఒకేసారి ఇచ్చే మందును వేళలు మార్చి ఇవ్వడం మొదటి మార్గం. అది చాలనప్పుడు లాలాజలాన్ని తగ్గించే గ్లైకోపైరోలేట్ వంటి మాత్రలు ఇస్తారు. కంటికి వేసే అట్రోపిన్ చుక్కలను నాలుక కింద వేయించే పద్ధతి కూడా ఉన్నది. కండరాలు బిగుసుకున్నవారికి, మన పల్లెలలో ‘పాసిటేన్’ పేరుతో ఎరిగిన ట్రైహెక్సిఫెనిడిల్ మాత్ర ఇవ్వడం ఉన్నది.

వీటిలో ఏదీ మందుల అంగడిలో అడిగి సొంతంగా కొనుక్కోదగినది కాదు. నోటి నీటిని ఆర్పే ఈ మందులలో అధికభాగం మలబద్ధకాన్ని పెంచుతాయి. క్లోజపిన్ వలన ఇప్పటికే మందగించిన పేగు పూర్తిగా ఆగిపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఈ ప్రమాదం గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 జనవరిలో హెచ్చరికను మరింత కఠినం చేసింది. కాబట్టి నోటి సంగతి చెప్పేటప్పుడు విరేచనం సంగతి కూడా చెప్పాలి. మూడు రోజులు విరేచనం కాకపోయినా, కడుపు ఉబ్బి నొప్పి పెట్టినా, వాంతులైనా వెంటనే చూపించాలి.

ఇంటిలో చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోవాలి. తల భాగం కొద్దిగా ఎత్తుగా ఉండాలి. దిండు మీద రోజూ ఉతికిన తువ్వాలు పరచాలి. పగటిపూట చక్కెర లేని చూయింగ్ గమ్ నమిలితే మింగే అలవాటు పెరుగుతుంది. నోటి చివరలు ఒరిసిపోకుండా తుడిచి కొబ్బరినూనె రాయవచ్చు. రాత్రి పడుకునే ముందు పళ్ళు తోముకోవడం తప్పనిసరి. నోటిలో క్రిములు తక్కువగా ఉంటే, నీరు పొరపాటున లోపలికి పోయినా హాని తగ్గుతుంది. వీటన్నింటి కంటె ముఖ్యం, తడిసిన దిండును పది మందిలో ప్రస్తావించకపోవడం.

రక్త పరీక్ష అక్కరలేదనే వార్త

ఈ మందు విషయంలో ఇటీవల వచ్చిన ఒక వార్త అపార్థాలకు దారి తీసే అవకాశం ఉన్నది. అమెరికాలో క్లోజపిన్ తీసుకునే ప్రతి రోగి పేరు నమోదు చేసి, రక్త పరీక్ష ఫలితం చూపితేనే మందు ఇచ్చే కట్టుదిట్టమైన ఏర్పాటు ఉండేది. 2025 ఫిబ్రవరిలో ఆ దేశపు నియంత్రణ సంస్థ ఆ నిబంధనను పట్టుబట్టబోమని ప్రకటించి, జూన్‌లో పూర్తిగా తొలగించింది. కాగితాల భారం వలన అవసరమైన రోగులకే మందు అందకుండా పోతున్నదన్నది దానికి చెప్పిన కారణం.

రద్దయినది ఆ నమోదు ఏర్పాటు మాత్రమే. తెల్ల రక్తకణాల పరీక్ష చేయించాలన్న సిఫారసు మందు వివరపత్రంలో అలాగే ఉన్నది. ఈ ప్రమాదం మొదటి నెలలలోనే ఎక్కువ కనుక తొలి దశలో వారం వారం, తరువాత కాలవ్యవధి పెంచుతూ పరీక్ష చేయించడం వైద్య సంప్రదాయం. అమెరికాలోనే తీసివేశారట కదా అని మన పల్లెలలో పరీక్ష మానుకోవడం తెలివితక్కువ పని. జ్వరం, గొంతు నొప్పి, నోటిలో పుండ్లు వస్తే మామూలు జ్వరం మాత్రతో సరిపెట్టక, అదే రోజున రక్త పరీక్ష చేయించాలి.

కోలారులో సరిచూసిన లెక్క

దేశంలో మానసిక వ్యాధుల వ్యాప్తిని కొలవడానికి బెంగళూరు నిమ్హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాలలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపింది. దానికి ముందు ప్రశ్నావళిని, పద్ధతిని సరిచూసుకోవడానికి ప్రయోగాత్మక సర్వే జరిపినది మన కోలారు జిల్లాలోనే. మూడు వేలకు పైగా మందిని అందులో విచారించారు. వయోజనులలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక వ్యాధితో బాధపడుతున్నారని, వ్యాధిని బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని జాతీయ సర్వే తేల్చింది.

అందని వైద్యం గురించి మాట్లాడేటప్పుడు ఆసుపత్రి దూరం, వైద్యుల కొరత, పేదరికం మన దృష్టికి వస్తాయి. అవి నిజమే. కాని ఆసుపత్రి చేరి, మందు అంది, గుణం కనబడి, ఆ తరువాత చెప్పుకోలేని ఒక బాధ వలన వైద్యానికి దూరమైనవారు ఏ లెక్కలోకి వస్తారు? వారి పేరు ఆసుపత్రి పుస్తకంలో ఉంటుంది, మాత్రలు పరుపు కింద ఉంటాయి.

ఈ విషయంలో కర్ణాటకకు మంచి వారసత్వం ఉన్నది. నిమ్హాన్స్ వైద్యులు 1976లోనే ఆనేకల్లు తాలూకా సకలవారలో గ్రామీణ కేంద్రం పెట్టి, పల్లెలోని మామూలు వైద్యుడూ ఆరోగ్య కార్యకర్తా కూడా మానసిక రోగులను సంరక్షించగలరని చూపించారు. 1985లో బళ్ళారి జిల్లాలో జరిపిన ప్రయోగం ఆధారంగానే 1996లో దేశమంతటికీ జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. మనోవైద్యులు మంగళవారాలలో తాలూకా ఆసుపత్రులకు వెళ్ళే ‘మనోచైతన్య’ కార్యక్రమాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2014లో ఆరంభించింది. మందును ఊరి దాకా తెచ్చే మార్గం మనవారే వేశారు. మందు గురించిన మాటను మాత్రం ఆ మార్గంలో ఇంకా తీసుకురావలసి ఉన్నది.

చట్టం ఏమంటున్నది

2017లో పార్లమెంటు ఆమోదించిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 నుంచి అమలులో ఉన్నది. దాని 22వ సెక్షన్ రోగికీ, అతడు నియమించుకున్న ప్రతినిధికీ సమాచార హక్కు ఇస్తున్నది. వ్యాధి ఏమిటి, చేయబోయే వైద్యం ఏమిటి, ఆ వైద్యం వలన కలుగుతాయని తెలిసిన దుష్ఫలితాలు ఏమిటి అన్నది వారికి చెప్పాలి. అదీ వారికి అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే రూపంలో చెప్పాలి.

ఈ చివరి మాట సరిహద్దు కుటుంబాలకు ఎంతో విలువైనది. కోలారు జిల్లాలో ఇంటి భాష తెలుగు, బడి భాష కన్నడం అయిన కుటుంబాలు అసంఖ్యాకం. అంగడిలో, బస్సులో మనవారు కన్నడం ధారాళంగా మాట్లాడతారు. కాని కొడుకు నోటి చొంగ గురించి, విరేచనం గురించి, రాత్రి భయాల గురించి చెప్పవలసి వచ్చినప్పుడు తల్లికి తల్లిభాషే నోటికి వస్తుంది. వైద్యుని గదిలో మూడు నిమిషాలు. మాత్ర అట్ట మీద ఆంగ్లం. ఆమె “బాగున్నాడు” అని ఒక్క మాట చెప్పి బయటికి వస్తుంది. ఈ వ్యాసకర్త తోడు వెళ్ళిన ఒక సందర్భంలో కూడా లోపల జరిగిన సంభాషణ అంతే. ఆమెకు కన్నడం రాక కాదు, సిగ్గు పడకుండా చెప్పడానికి ఎవరూ అవకాశం ఇవ్వక.

వైద్యుల ఇబ్బందిని కూడా అర్థం చేసుకోవాలి. ఒక్క పూటలో పదుల మందిని చూడవలసినవారు ప్రతి దుష్ఫలితాన్నీ విడమరచి చెప్పలేరు. ముందే అన్నీ చెబితే రోగి భయపడి మందు మొదలుపెట్టడేమోనన్న సందేహం కూడా వారికి ఉంటుంది. కాని ముందుగా తెలిసిన బాధను మనిషి ఓర్చుకోగలడు. తెలియకుండా మీద పడిన బాధ అతనిని వైద్యుని నుంచే దూరం చేస్తుంది. రెండు వాక్యాలు చాలు: “రాత్రి నోటి నుంచి నీరు కారవచ్చు. కారితే మందు ఆపవద్దు, వచ్చి నాకు చెప్పండి.”

జరగవలసినవి

కొత్త భవనాలు, కోట్ల రూపాయలు అవసరం లేని మూడు పనులను జిల్లా ఆరోగ్య శాఖ చేపట్టవచ్చు. ఒకటి, తరచుగా వాడే మానసిక వ్యాధి మందుల గురించి కన్నడంలోనూ తెలుగులోనూ ఒక్కొక్క పేజీ పెద్ద అక్షరాల కరపత్రం అచ్చువేసి మందుతో పాటు ఇవ్వాలి. రెండు, ఇంటింటికీ వెళ్ళే ఆశా కార్యకర్తలకు “మాత్ర వేసుకుంటున్నాడా?” అన్న ప్రశ్నతో పాటు “దిండు తడుస్తున్నదా? విరేచనం అవుతున్నదా?” అన్న ప్రశ్నలు కూడా నేర్పాలి. మొదటి ప్రశ్నకు అందరూ అవునంటారు. మిగిలిన రెండింటికి వచ్చే జవాబులోనే నిజం దొరుకుతుంది. మూడు, తాలూకా ఆసుపత్రులలో మనోవైద్యుడు కూర్చునే రోజున తెలుగులో మాట్లాడగల సహాయకుడు ఒకరు ఉండేటట్లు చూడాలి.

కుటుంబాలు చేయవలసినవి కూడా ఉన్నాయి. అడగడం మన హక్కు అని గుర్తుంచుకోవాలి. చెప్పడానికి నోరు రాకపోతే ఒక కాగితం మీద రాసి చూపించవచ్చు. కన్నడంలో చెప్పాలంటే “రాత్రి మలగిదాగ బాయింద జొల్లు సురియుత్తదె” అంటే చాలు, వైద్యునికి మిగతాది అర్థమవుతుంది. ఆసుపత్రిలో సేవల లోపం ఉంటే అక్కడి ముఖ్య వైద్యాధికారికి, అక్కడ న్యాయం జరగకపోతే చట్టం కింద ఏర్పడే మానసిక ఆరోగ్య సమీక్షా మండలికి ఫిర్యాదు చేసే హక్కును కూడా అదే చట్టం ఇచ్చింది.

బెంగళూరు వెళ్ళే రైలు ఖర్చు లేనివారు ఫోన్ ద్వారా సలహా పొందవచ్చు. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ నంబరు 14416. రాత్రింబగళ్ళు ఉచితంగా పని చేసే ఈ సేవ తెలుగు, కన్నడం సహా 20 భాషలలో లభిస్తున్నది. మందుల దుష్ఫలితాలను నేరుగా ప్రభుత్వానికి తెలియజేయడానికి భారత ఔషధ నిఘా కార్యక్రమం వారి ఉచిత నంబరు 1800-180-3024 ఉన్నది. వైద్యులే కాక రోగులు, వారి కుటుంబాలు కూడా దీనికి తెలియజేయవచ్చు.

మొదట చెప్పిన అబ్బాయి సంగతి పాఠకులు అడగవచ్చు. తల్లి ఈసారి దాచకుండా చెప్పింది. వైద్యుడు చిన్న మోతాదుతో మళ్ళీ ఆరంభించి, వేళలు మార్చి, మరొక మాత్ర జత చేశాడు. నోరు కారడం పూర్తిగా పోలేదు, సగానికి తగ్గింది. అతను ఇప్పుడు డెయిరీకి పాలు పోస్తున్నాడు. దిండు ఇంకా కొన్ని రోజులు గోడ మీద ఆరుతూనే ఉంటుంది. ఆ దారిన వెళ్ళేటప్పుడు అది కనబడితే ఈ వ్యాసకర్తకు ఇప్పుడు దిగులు కలగదు. ఆ ఇంటిలో మాత్ర పరుపు కిందికి కాక గొంతులోకే పోతున్నదని ధైర్యం కలుగుతుంది. మీ ఇంటిలో గాని, మీ వీధిలో గాని అటువంటి దిండు ఒకటి ఆరుతూ ఉంటే నవ్వవద్దు. ఆ మనిషిని పక్కకు పిలిచి, ఈ సంగతి వైద్యునికి చెప్పావా అని మెల్లగా అడగండి.